బ్రేకుల బ్రహ్మయ్య మొహమాటం

నోవై ఊరి తెలుగువాళ్ళలో ఇద్దరు బ్రహ్మయ్యలున్నారు. గుడి కమిటీలో తిరిగేవాడు గుడి బ్రహ్మయ్య. మనవాడు బ్రేకుల బ్రహ్మయ్య. పందొమ్మిదేళ్ళుగా ఆయన చేసే పని ఒకటే. ఇంకా అమ్మకానికి రాని కార్లను టెస్ట్ ట్రాక్ మీద వేగంగా తోలించి, బ్రేకు తొక్కించి, ఎన్ని అడుగుల్లో ఆగాయో కొలవడం.

అలాంటి ఉద్యోగం చేసేవాడికి స్థిమితం ఎక్కడిది? వాన పడితే ఊళ్ళోవాళ్ళ టైర్ల గురించి బెంగ. మంచు పడిందంటే ఇక కుర్చీలో కూర్చోలేడు, కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా గ్యారేజీలో ఆగి, వంగి, వాళ్ళ కారు చక్రాలు చూస్తాడు. "అన్నయ్యగారూ, పప్పు చల్లారిపోతోంది" అని లోపల్నించి ఎవరో ఒకరు కేకేస్తేగానీ కదలడు.

ఇంత జాగ్రత్త మనిషికీ ఒక జబ్బుంది. ఆఫీసులో మేనేజర్‌కి ఎంత పెద్ద విషయంలోనైనా 'నో' చెప్పేస్తాడు, పైగా గ్రాఫు గీసి మరీ చూపిస్తాడు. తెలుగులోకి వచ్చేసరికి నోరు పెగలదు. ఎవరేం అడిగినా "దానికేముంది" అంటాడు. అనేశాక వారం రోజులు నిద్ర పట్టక చస్తాడు.

ఈసారి అడిగినవాడు బావమరిది అవినాష్, భార్య వసుమతికి ఒక్కగానొక్క తమ్ముడు. జూన్‌లో ఒక సాయంత్రం టీ తాగుతూ ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఇరవైమూడు అడుగుల బోటు, సెకండ్ హ్యాండ్‌దే గానీ తళతళలాడుతోంది.

"బావా, శనివారం లేక్‌కి తీసుకెళ్దాం. నా కారు ఎలక్ట్రిక్, వెనక ట్రైలర్ తగిలించడానికి దానికి హిచ్ లేదు. నీ ఎస్‌యూవీకి ఉందిగా! బోటు నాలుగువేల రెండొందల పౌండ్లే. నీ కారు ఐదువేలు లాగుతుంది. నేను ఆన్‌లైన్‌లో చెక్ చేశా."

నాలుగువేల రెండొందలనేది ఖాళీ బోటు బరువు. దాన్ని మోసే ట్రైలర్ ఇంకో వెయ్యి పైమాటే. పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, సామాను వేరే. ఇదంతా బ్రహ్మయ్య టీ కప్పు కింద పెట్టేలోపే లెక్క కట్టేశాడు. వద్దు అందామని నోరు తెరిచాడు కూడా. ఎదురుగా అవినాష్ ముఖం వెలిగిపోతోంది. పొయ్యి దగ్గర్నించి వసుమతి తమ్ముడి వంక మురిపెంగా చూస్తోంది.

"దానికేముంది," అన్నాడు బ్రహ్మయ్య.

ఆ వారం ఆయన్ని చూసినవాళ్ళు జాలిపడి ఉంటారు. కారు మాన్యువల్ మూడుసార్లు చదివాడు, నాలుగోసారి చదివితే అంకె మారుతుందేమోనన్నట్టు. టైర్లలో గాలి రోజూ చూశాడు. గురువారం అవినాష్‌కి ఫోన్ చేసి, విషయం చెప్పలేక, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాడు. "ఏవండీ, ఏమైందసలు?" అని వసుమతి అడిగితే ఆఫీసు పని అన్నాడు.

శనివారం పొద్దున అవినాష్ ఇంటి ముందు బోటు ట్రైలర్ మీద సిద్ధంగా ఉంది. ఒంటరిగా కాదు. లేక్ దగ్గర కలుస్తామన్న మూడు కుటుంబాల సామానూ అందులోనే ఉంది. ఐసు నింపిన కూలర్లు, మంచినీళ్ళ సీసాల కేసులు, బిర్యానీ గిన్నెలు, గ్యాసు పొయ్యి, సిలిండరు, చివరికి ఎవరిదో క్యారమ్ బోర్డు. అన్నీ బోటు వెనక చివర్లోనే. నిచ్చెన అక్కడే ఉంది మరి, ఎక్కించడం తేలిక.

బ్రహ్మయ్య చేయాల్సినవన్నీ చేశాడు. హిచ్ పిన్ను రెండుసార్లు లాగి చూశాడు. గొలుసులు ఒకదానిమీదొకటి అడ్డంగా వేసి తగిలించాడు. లైట్లు వెలిగించి చూశాడు. తర్వాత వెనక్కి నాలుగడుగులు వేసి కారు వంక చూశాడు. కారు వెనక భాగం ఏమాత్రం కుంగలేదు. ఇంకొకడైతే సంతోషించేవాడు. ముందువైపు బరువు హిచ్ మీద కొంతైనా వాలకపోతే ట్రైలర్ దారిలో తోక ఊపుతుందని ఆయనకి తెలుసు.

"అవినాష్, సామాను కాస్త ముందుకి జరుపుదామా?"

"అక్కడికెళ్ళాక ఎలాగూ దింపేదేగా బావా! ఇప్పటికే లేటయింది, పద్మా వాళ్ళు బయల్దేరి అరగంటయింది." పద్మ అవినాష్ భార్య, పిల్లాడితో వేరే కారులో ముందే వెళ్ళింది.

"సరేలే," అన్నాడు బ్రహ్మయ్య. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ముందు సీట్లో అవినాష్, వెనక వసుమతి, పదహారేళ్ళ కూతురు హాసిని. హైవే ఎక్కాక బ్రహ్మయ్య యాభై ఐదు మైళ్ళ వేగం దాటలేదు. అరచేతుల్లో చెమట పట్టి, ఒక్కొక్క చెయ్యే ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. అవినాష్ చిన్నప్పుడు అక్కతో కలిసి కాలవలో పడిన కథ చెబుతున్నాడు. వసుమతి పగలబడి నవ్వుతోంది. కళ్ళు అద్దాల మీద, చెవులు ఇంజిను మీద పెట్టిన బ్రహ్మయ్యకి ఆ కథలో ఒక్క ముక్కా ఎక్కలేదు.

అప్పుడు పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటింది. దాని గాలికి ట్రైలర్ ఎడమకి వెళ్ళింది, కుడికి వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువ ఎడమకి వెళ్ళింది. కారు తోకని ఎవరో పట్టుకుని విసురుతున్నట్టుంది.

"బ్రేక్ వెయ్యి బావా!" అని అరిచాడు అవినాష్.

బ్రహ్మయ్య వెయ్యలేదు. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే వెనకనున్న బరువంతా కారుని మడిచేస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా బిగించి పట్టుకున్నాడు. యాభై. నలభై ఐదు. ఊపు తగ్గింది. నలభై. ఊపు ఆగింది. మెల్లగా రోడ్డు పక్కకి తీసి ఆపాడు. వసుమతి కూతురి చెయ్యి పట్టుకుని ఇంకా వదల్లేదు.

తర్వాతి ఎగ్జిట్ ఎంతో దూరం లేదు. హజార్డ్ లైట్లు వేసుకుని, రోడ్డు అంచునే నిదానంగా అక్కడిదాకా తీసుకెళ్ళాడు. అక్కడ ట్రక్కులు ఆగేచోట బళ్ళు తూచే కాటా ఉంది. తూకం చీటీ తెచ్చి అవినాష్ చేతిలో పెట్టాడు. ట్రైలర్ చక్రాల మీదే ఆరువేల మూడొందల నలభై పౌండ్లు.

అవినాష్ చీటీని అటూ ఇటూ తిప్పాడు. "ఇంకా నలభై మైళ్ళేగా బావా. సామాను ముందుకి జరిపేసి, కొంత దింపేసి, మెల్లగా..."

"వద్దు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని బ్రహ్మయ్యకి ఒక క్షణం నమ్మకం కలగలేదు. "వద్దు అవినాష్. దీన్ని నా కారు లాగదు. లాగినా ఆపలేదు."

అవినాష్ ముఖం ఎర్రబడింది. "ఆ సంగతి వారం ముందే చెప్పొచ్చుగా! వెనక అక్కా, పిల్లా ఉన్నారు!"

నిజమే కదా, అనుకున్నాడు బ్రహ్మయ్య. అవినాష్ ఆఫీసులో ఒకాయనకి పెద్ద పికప్ ట్రక్కుంది. ఆయనకి ఫోన్ చేస్తూ అవినాష్ దూరంగా వెళ్ళిపోయాడు. వసుమతి మంచినీళ్ళ సీసా మొగుడి చేతిలో పెట్టి తమ్ముడి వెనకే నడిచింది.

హాసిని వచ్చి పక్కన గట్టు మీద కూర్చుంది.

"డాడీ, నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఓకే ఎందుకు చెప్పావ్?"

"మొహమాటం, తల్లీ."

"అంటే ఇంగ్లీష్‌లో?"

బ్రహ్మయ్య వెతికాడు. సిగ్గు కాదు. మర్యాద కాదు. భయమూ కాదు. "ఇంగ్లీష్‌లో లేదు. ఎదుటివాళ్ళ ముఖం చిన్నబోతుందని, చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకోవడం."

హాసిని కాసేపు బూటు లేసుతో ఆడింది.

"నేను చూశా డాడీ. వెనక గ్లాస్‌లోంచి. ట్రక్ రాకముందే బోట్ ఇలా ఇలా అవుతోంది. లైక్, టెన్ మినిట్స్ నించి."

బ్రహ్మయ్య సీసా పక్కన పెట్టాడు. "మరి చెప్పలేదేం?"

"మామయ్య అంత హ్యాపీగా స్టోరీ చెప్తున్నాడు. మమ్మీ నవ్వుతోంది. మధ్యలో ఎలా చెప్పను?" ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. "నాకు కూడా ఉందా డాడీ, అది?"

దానికేముంది అని నవ్వి తేల్చేయొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఉంది తల్లీ," అన్నాడు బ్రహ్మయ్య. "నా దగ్గర్నించే వచ్చింది."