ముల్లుకు చుట్టిన పత్తి

నాకు అక్షరాలు డెబ్బై దాటాక వచ్చాయి. మనవరాలు పలక కొనిచ్చి, నా చేయి పట్టుకుని దిద్దించింది. అంతకుముందు ఎవరిచేతనైనా రాయించుకోవచ్చు కదా అని మీరనవచ్చు. రాయించుకోవాలంటే ముందు వాళ్లకు నోటితో చెప్పాలి. నోటితో చెప్పగలిగి ఉంటే ఇది రాయవలసిన పనే ఉండేది కాదు.

నిన్న మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, నాకు తెలిసిన ఊళ్ల పేర్లు వరసగా రాసుకుంటూ ఎమ్మిగనూరు దగ్గరికి వచ్చేసరికి, జిల్లేడు దూది ఒకటి గాలికి తేలుతూ వచ్చి ఆ మాట మీదే వాలింది. అది జిల్లేడని చూడగానే తెలుసు. అయినా వేలితో ముట్టి చూశాను.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆదోనికి పత్తి కాలం వచ్చిందంటే బండ్లు ఊరి బయట నుంచే బారులు తీరేవి, దారి పక్క కంపచెట్లన్నీ బండ్లను రాసుకుని, ముళ్లకు పత్తి పట్టి తెల్లబడేవి. నేనూ నా స్నేహితురాలూ జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోయేవాళ్లం. గుట్ట ముందు కూర్చుని ఆకునలుసూ కాయపెంకూ ఏరి పారేయడం మా పని. నాకన్నా ఏడాది చిన్నది కనుక నన్ను అక్కా అనేది. పత్తిని వేలికొసల మధ్య నలిపి, వాన తగిలిందో లేదో, ఏ నేలలో పండిందో నేను చెప్పేదాన్ని. పెద్దవాళ్లు కూడా అప్పుడప్పుడు నన్నే అడిగేవారు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

ఆమెకు ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట సంబంధం కుదిరింది. ఇప్పుడు బస్సెక్కి ఒక కునుకు తీస్తే వచ్చే ఊరది. అప్పట్లో మా ఇద్దరికీ పేరు వినడమే తప్ప చూసింది లేదు. అక్కడ వీధి పొడవునా మగ్గానికెక్కించే నిలువు పోగులు, పడుగు, చాచి గంజి పట్టిస్తారనీ, ఇంటి ఆడవాళ్లు ఆ కొస నుంచి ఈ కొసకు పొద్దంతా నడుస్తూ తెగిన పోగులు ముడివేస్తారనీ పెళ్లివారు చెప్పిపోయారు. అది విన్నప్పటి నుంచి ఈ పిల్ల మిల్లు ఆవరణలో పోగు పట్టుకున్నట్టు చేతులు చాచి నడిచి చూపించి మమ్మల్ని నవ్వించేది.

ఒకరోజు నా చెవిలో, “మనూరి కొండెక్కితే ఎమ్మిగనూరు కనపడతాదంట అక్కా. సూసొద్దాం పా” అంది.

“పెండ్లయినాక దినామూ సూసేదే కదమే!”

“అప్పుడు సూసేది వాళ్ల కోడలు. ఇప్పుడైతే నేను సూస్తా.”

అమావాస్య నాడు మిల్లు ఉండదు, ఎడ్లకూ సెలవే. పుల్లలకు పోతున్నామని ఇంట్లో చెప్పి, తెలిసినవాళ్లు ఎదురు పడకుండా కొండ వెనక వైపు నుంచి ఎక్కాం. దారి తెలియదు కనుక ఆమె కంపచెట్ల మీది పత్తిని ఒడి నిండా ఏరుకుని, మలుపు మలుపుకూ ఒక ముల్లుకు రెండు చుట్లు చుట్టుకుంటూ వచ్చింది. పిట్ట గూడు కట్టినట్టు ఎంతసేపు చుడతావని నేను ఎగతాళి చేస్తూనే ఉన్నాను.

పైకెక్కి చూస్తే నల్లరేగడి చేలు, ఆ పైన మబ్బులాంటి మసక. ఊరేదీ లేదు. ఆమె మాత్రం ఎక్కడో తెల్లని గీత లాంటిది చూసి, పడుగు చాచినారని సంబరపడింది. “అదో, మా ఊరు” అంది. మా ఊరు అన్న ఆ మాటకు నాకు ఎందుకో మనసు చివుక్కుమంది.

దిగేటప్పుడు ఒకచోట దారి రెండుగా చీలింది. కుడివైపు కంప మీద తెల్లగా కనబడితే నేను అటు తిరిగాను. ఆమె ఆగిపోయింది.

“ముట్టి సూడక్కా. నేను సుట్టినదైతే ఊడిరాదు.”

“పొద్దన్నుంచి పొద్దుగూకే దాకా నా సేతిలో ఉండేది పత్తే. నాకే సెప్తావా?”

ముట్టలేదు. అది కొండ మీది జిల్లేళ్ల నుంచి ఎగిరివచ్చి ముళ్లకు పట్టుకున్న దూది. ఆ తెలుపునే చూసుకుంటూ పోయి నున్నటి బండ మీదికి చేరాం. నా వెనక వస్తూ ఆమె జారింది. కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని విరిగింది. పొద్దువాలే వేళకు గొర్రెల కాపరి తాత ఒకాయన మా కేకలు విని, ఆమెను వీపున వేసుకుని ఇంటికి చేర్చాడు.

కట్టు కడుతుండగా వాళ్ల నాయన, “దారికి గుర్తు పెట్టుకునేది గూడా సేతగాదా నీకు?” అని ఆమెనే తిట్టాడు. ఆమె నా వైపు చూసి, “నేనే ఆ పక్క పోదామంటి నాయనా. అక్క వద్దనె” అంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఎముక వంకరగా అతుక్కుంది. పెళ్లివారు వచ్చి, ఆమెను వాకిలి దాకా నడిపించి చూసుకుని, నడిచే పనికి నడిచే పిల్లే కావాలని మర్యాదగానే చెప్పి వెళ్లిపోయారు. నాకు తుగ్గలి వైపు పెళ్లయింది. ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉండి, కుంటుకుంటూ అదే మిల్లుకు పోయి, అదే గుట్ట ముందు ముసలిదైపోయింది. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా కుశలం అడిగేది, పిల్లల్ని ఎత్తుకునేది, కొండ మాట మాత్రం ఎత్తేది కాదు. ఎమ్మిగనూరు ఏనాడూ చూడలేదు. ఆమె పోయి నాలుగేళ్లయింది. పత్తిబండ్లు లేవు, తెల్లబడే కంపలూ లేవు. ఆ కొండ మాత్రం అట్లాగే ఉంది, నేను బస్సులో తల తిప్పుకుని పోతుంటాను.

ఆమె కాలు విరిగిన మరుసటి పొద్దున నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఎవరైనా పోయి చూస్తే సరైన దారిలో ఆమె గుర్తులు కనబడి, దారి తప్పించింది నేనేనని తెలిసిపోతుందని భయపడి, తెల్లవారగానే ఒక్కదాన్నే ఆ కొండెక్కాను. ప్రతి ముల్లుకూ రెండు చుట్లు, గట్టిగా. ఒక్కటీ ఊడిరాలేదు. గోళ్లతో పీకి ఒడిలో వేసుకుని అటునుంచి అటే మిల్లుకు పోయాను. బయటికి వచ్చేటప్పుడు మా కొంగులు దులిపించి చూస్తారు, లోపలికి పోయేటప్పుడు ఎవరూ చూడరు. ఒడిలో ఉన్నదంతా గుట్టలో కలిపేసి, ఆమె చోటు పక్కన కూర్చుని నలుసులు ఏరడం మొదలుపెట్టాను.