సుధాకర్ గారు చెయ్యెత్తిన పాట

2022 చివర్లో, కొవిడ్ సద్దుమణిగి జనం మళ్లీ పక్కపక్కన కూర్చోవడానికి ధైర్యం తెచ్చుకున్న రోజుల్లో, కడియంలోని ఒక నర్సరీలో నేనొక కచేరీ రికార్డు చేశాను. మొక్కల వరుసల మధ్య గ్రీన్ నెట్ కట్టిన పెద్ద షెడ్డే మా వేదిక. నాది రాజమండ్రి, పేరు కుమారి. పెళ్లిళ్లకీ నాటకాలకీ మైకులు పెట్టే పని మా నాన్నది. నేను ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో సినిమా పాటల స్టూడియోలో పనిచేసి వచ్చి, దానికి రికార్డింగ్ కలిపాను. ఆడపిల్లకి ఈ వైర్లెందుకని దీర్ఘాలు తీసినవాళ్ల ఇళ్లల్లో పెళ్లిళ్లకి తర్వాత నేనే మైకులు పెట్టాను.

ఆ కచేరీ గిటారిస్టు సుధాకర్ గారిది. పుట్టింది కడియంలోనే అయినా ముప్పై అయిదేళ్లు మద్రాసు, హైదరాబాద్ స్టూడియోల్లో సెషన్ ఆర్టిస్టుగా గడిపారు. సెషన్ ఆర్టిస్టు అంటే పిలిచిన రోజున వెళ్లి, ఇచ్చింది వాయించి, సంతకం పెట్టి వచ్చే మనిషి. ఆయన గిటారు వినని తెలుగువాడుండడు, పేరు విన్నవాడూ ఉండడు. డ్రమ్స్, బేస్, ఆర్గన్ వాయించే ముగ్గురూ ఆయన పాత స్టూడియో మిత్రులే. వాళ్లకి ప్రాణం బ్లూస్-రాక్. కష్టంలో ఉన్న మనిషి గొంతులా గిటారు మూలుగుతుంటే, వెనక డ్రమ్స్ హోరెత్తించే సంగీతమది. సినిమాల్లో అయిదారు సెకన్లు తప్ప అది వాయించే అవకాశం వాళ్లకి రాలేదు.

ఈ కచేరీ ఇప్పుడే ఎందుకంటే, సుధాకర్ గారి ఎడమచేతి ఉంగరం వేలు మొద్దుబారిపోతోంది. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట. పది రోజుల్లో ఆపరేషన్. తర్వాత ఆ వేలు మునుపటిలా పనిచేస్తుందని డాక్టరు మాటివ్వలేదు. ఈలోగా తన పేరు మీద ఒక్క రికార్డు ఉండాలని ఆయన కోరిక.

మైకులు పెడుతుంటే దగ్గరికొచ్చి అడిగారు.

"తప్పొస్తే తర్వాత పంచ్-ఇన్ చేసుకోవచ్చా అమ్మా?"

పంచ్-ఇన్ అంటే తప్పిన ముక్క మాత్రమే మళ్లీ వాయించి అతికించడం. "కుదరదండి. బ్లీడ్ ఉంటుంది కదా" అన్నాను. ఒకే వేదిక మీద వాయిస్తే గిటారు శబ్దం డ్రమ్స్ మైకుల్లోకీ జొరబడుతుంది. దాన్నే బ్లీడ్ అంటాం. ఒకచోట తుడిచినా పక్క మైకులో ఆ తప్పు అలాగే ఉంటుంది.

"అయితే తప్పు రాకూడదన్నమాట" అన్నారు, వేలు నొక్కుకుంటూ.

"రాకూడదండి" అన్నాను. పెద్ద చెప్పొచ్చాను! ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం నాలుగింటికి మొదలైంది. నర్సరీ పనివాళ్లు, వాళ్ల పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన సంగీతం పిచ్చివాళ్లు కలిపి షెడ్డు నిండింది. నీళ్ల మోటార్లన్నీ ఆపించాను. మొదటి నాలుగు పాటలూ నేను ఊపిరి బిగబట్టే విన్నాను. పాట పాటకీ ఆయన ఆ వేలిని ప్యాంటుకేసి రుద్దుకుంటున్నారు.

అయిదోది, ఆఖరిది, ఆయన సొంతంగా కట్టిన నెమ్మది పాట. అందులో తీగను వేలితో వంచి, స్వరాన్ని సాగదీసి పైస్థాయికి చేర్చాలి. దీన్ని బెండ్ అంటారు. ఆ పాటకి ప్రాణమంతా అక్కడే ఉంది. ఆయన తీగ వంచారు. వేలు జారింది. స్వరం మధ్యలో విరిగిపోయింది.

సుధాకర్ గారు చెయ్యెత్తారు.

స్టూడియోలో అది ఆనవాయితీ. తప్పినవాడు చెయ్యెత్తుతాడు, అందరూ ఆపేస్తారు, ఇంజనీర్ వెనక్కి తిప్పి మళ్లీ ఇస్తాడు. మా ఊళ్లో బ్యాండు మేళంవాడైతే కర్ర చేజారినా గుద్దుకుంటూ పోతాడు. ఇంత అనుభవమున్న నలుగురూ మాత్రం ఒకేసారి ఆగిపోయారు. షెడ్డంతా నిశ్శబ్దం. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది. నావైపు చూస్తున్నారు, వెనక్కి తిప్పుతానేమోనని. నేనేం తిప్పను?

అంతలో జనంలోంచి ఒకావిడ గట్టిగా అంది. "ఏంటి బాబూ, ఆపేశారు? బావుందిగా, వాయించండి!"

మొక్కల సంచుల్లో మట్టి నింపే సత్యవతి గారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వేసి చెయ్యి దించారు. ఈసారి ఉంగరం వేలు వదిలేసి, మధ్యవేలితో ఒక్కరే నెమ్మదిగా అందుకున్నారు. స్వరం పైదాకా వెళ్లలేదు, కాస్త కిందే ఆగి వణికింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. తుడుచుకుని కిందకి చూశాను.

రికార్డర్ మీద ఎర్రలైటు లేదు.

ఆయన చెయ్యెత్తగానే, ఎనిమిదేళ్ల అలవాటు, నా చెయ్యి స్టాప్ నొక్కేసింది. బ్యాకప్‌గా పెట్టిన రెండో రికార్డర్‌ని కూడా అదే బటన్‌తో నడిచేలా కలిపిన తెలివితేటలు నావే. మళ్లీ నొక్కేసరికి డ్రమ్స్ కూడా అందుకున్నాయి. దాదాపు నలభై సెకన్లు పోయాయి. పాట అయ్యాక జనం లేచి చప్పట్లు కొడుతుంటే నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే నర్సరీకెళ్లి కనిపించిన ప్రతివాళ్లనీ ఫోన్లో వీడియో తీశారా అని అడిగాను. చివరికి సత్యవతి గారి దగ్గర దొరికింది, మనవరాలికి చూపిద్దామని తీశారట. రేకు డబ్బాలో వాయించినట్టుంది. సిగ్గేసి దాన్ని పక్కన పెట్టి, ఆగిన ముక్కా పోయిన ముక్కా తెలియకుండా పాటని నున్నగా అతికించేశాను.

ఆపరేషనయ్యాక, మెడకి పట్టీతో కూర్చున్న సుధాకర్ గారికి అది వినిపించాను. కళ్లు మూసుకుని విని, చటుక్కున తెరిచారు.

"ఇక్కడ నేను ఆగాను కదమ్మా?"

దాచలేకపోయాను. "నేను స్టాప్ నొక్కేశానండి. మీరు మళ్లీ మొదలెట్టింది నా దగ్గర లేదు. తప్పు నాదేనండి."

ఆయన మెడపట్టీ సర్దుకున్నారు. తిట్టినా బావుండేది. ఇక తప్పక ఫోన్లోది పెట్టాను. గాలికి కొట్టుకునే నెట్టు చప్పుడు, సత్యవతి గారి కేక, నవ్వులు, సన్నగా ఆయన గిటారు. రెండుసార్లు విన్నారు.

"ఇదే పెట్టు."

"సౌండ్ బాగోదండి. ఎవరికైనా అతుకు తెలిసిపోతుంది."

"ముప్పై అయిదేళ్లూ నా తప్పులన్నీ తుడిచేసి బాగున్నవే ఉంచారమ్మా. నేనున్నానని ఎవరికి తెలిసింది?"

అలాగే పెట్టాను. ఇప్పుడా రికార్డులో పాట విరుగుతుంది, ఆవిడ అరుస్తుంది, ఫోన్లోంచి గిటారు వస్తుంది, ఉన్నట్టుండి డ్రమ్స్‌తో పూర్తి సౌండ్ మీద పడుతుంది. ఆయన వేలు సగమే కోలుకుంది. మిగతా వేళ్లతో వాయిస్తున్నారు.

అలవాటుపడ్డ చెయ్యి మనసు చెప్పేదాకా ఆగదని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు లైవ్ రికార్డింగ్‌కి వెళ్తే స్టాప్ బటన్ మీద సీసా మూత బోర్లించి టేపు అంటిస్తాను. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఆ రికార్డు అట్ట మీద రికార్డింగ్ అన్నచోట సుధాకర్ గారు పట్టుబట్టి రెండు పేర్లు వేయించారు. ఒకటి నాది. దానికంటే పైన సత్యవతి గారిది.