లింగమూర్తి జంపఖానా టోపీ

వరంగల్ కొత్తవాడ నేతగాడు లింగమూర్తికి మగ్గం ఎంత ప్రాణమో సైకిలు అంత సరదా. నేల మీద పరిచే మందపాటి నూలు జంపఖానాలు నేసి, చుట్టచుట్టి వెనక కట్టుకుని హనుమకొండ దుకాణాలకు తానే తొక్కుకుంటూ పోయేవాడు. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వానాకాలంలో బురదకు చక్రం జారి, తల రోడ్డు పక్క రాయికి తగిలింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చేసరికి సైకిలుకు తాళం పడి ఉంది. తాళంచెవి భార్య విమలమ్మ కొంగుముడిలో ఉంది.

"ఇంకోపారి నెత్తికి తాకితే మనిషి దక్కడని డాక్టర్ సాబ్ చెప్పిండు. పగలని తల తెచ్చుకో, చెవి ఇస్త" అంది.

మరొకడైతే రిక్షా మాట్లాడుకునేవాడు. లోకంలో కొందరుంటారు, తిట్టినా వాళ్లకు అందులో ప్రశ్నే వినబడుతుంది. పగలని తల ఎట్లా ఉంటుంది? స్కూటర్ల మీద పోయేవాళ్ల గట్టి టోపీలు ఒకటి రెండు చూశాడు కానీ, సైకిలు తొక్కేవాడికి అటువంటిది ఊళ్లో ఎవరూ అమ్మడం లేదు. సరే, నేసేవాడికి కొనే పనేమిటి?

మగ్గం మీద పోగులను బిగువుగా కొట్టి, నీళ్లు పోసినా కారనంత దిట్టంగా జంపఖానా నేసి టోపీ కుట్టాడు. తలకు బదులు గురిగి, అంటే చిన్న మట్టికుండ, అందులో పెట్టి సీటు ఎత్తు నుంచి బండ మీదికి వదిలాడు. టోపీ చెక్కుచెదరలేదు. గురిగి పెంకులైంది. ఇంకా బిగువుగా నేశాడు. మళ్లీ పెంకులే. బిగువే నేతకు పరువని తండ్రి నేర్పిన విద్య. అది ఇక్కడ పనికిరాదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఖిలా వరంగల్ చూసినవారికి తెలుసు, రాతికోట బయట మట్టికోట ఉంటుంది. అంత రాయి పేర్చగలిగినవాళ్లు దాని ముందు అంత మట్టి ఎందుకు పోశారని చాలామంది చాలా రాశారు. లింగమూర్తి మాత్రం చుట్టాలింటికి నడిచిపోతూ, అలసి ఆ కట్ట మీద కూర్చుని, ఊరికే ఒక రాయి విసిరాడు. వానకు నానిన మట్టిలో అది ఎగరకుండా దిగి ఆగిపోయింది. "దెబ్బను ఆపుడు కాదు, మింగుడు" అనుకున్నాడు.

ఇంటికొచ్చి, మగ్గం కింద ఊడ్చి పారేసే తెగిన పోగులను ఏరి, రెండు పొరల మధ్య వదులుగా, మందంగా కూరాడు. ఈసారి గురిగి పడింది, దొర్లింది, నిలిచింది.

"చూసినవా!"

విమలమ్మ గురిగిని అటూ ఇటూ తిప్పింది. "గురిగికి పెండ్లాం లేదు, పగిలితే ఏడ్వనీకి. ఇది కట్టుకుంటే పడుడు బందయితదా?"

"పడుడు బంద్ కాదు. పడితే, లేస్తనేమో."

"తప్పక లేస్త" అని ఉంటే ఆమె నమ్మేది కాదు. ఆ 'నేమో' విని కొంగుముడి విప్పింది. "మూల తిరిగినంక తీసి సంచిల ఏసినవనుకో, సైకిలే అమ్ముత."

మూల మీద చాయ్ హోటల్ సమ్మయ్య చూడనే చూశాడు. "ఏం బావా, నెత్తిమీద పరుపేసుకొని పోతానవ్, తొవ్వల పండుకుంటవా?"

హోటలంతా నవ్వింది. లింగమూర్తి చేయి గడ్డం కింది ముడి దగ్గరికి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత ముడిని ఇంకాస్త బిగించింది.

"పండుకునేటోని పరుపు ఇంట్ల ఉంటది బావా. ఇది పడేటోని పరుపు!"

పెడలు తొక్కాడు. కానీ ఆ రోజు, ఎప్పటికన్నా నిదానంగానే.