మల్లేష్ వదిలిన బ్రేకు

కొత్త లారీ తనకే వస్తుందని మొగులయ్య ఏడాదిగా ఎదురుచూశాడు. సోమేశ్వర్ సేటు దగ్గర ఇరవై రెండేళ్లుగా బండి నడుపుతున్నాడు మరి. తీరా లారీ వచ్చాక, సేటు తాళంచెవి మల్లేష్ చేతిలో పెట్టాడు. వాడు పనిలో చేరి ఆరేళ్లు కాలేదు. ఏసీ క్యాబిన్‌లోంచి నలగని చొక్కాతో దిగుతున్న మల్లేష్‌ను చూస్తే మొగులయ్యకు కడుపు మండిపోయేది.

ఆ మంగళవారం పొద్దున ఇద్దరూ ఇనుప చువ్వల లోడుతో పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి బయలుదేరారు. ముందు మల్లేష్, వెనక పాత బండిలో మొగులయ్య. రుద్రారం దాటాక ఎడమ పక్కన ఒక కంపెనీ బస్సు ఆగి ఉంది. అందులోంచి దిగిన దేవమ్మ అనే కూలీ, బస్సు ముందు నుంచి గబుక్కున రోడ్డు మీదికి వచ్చేసింది.

మల్లేష్ బండి వెనక ఎర్రటి బ్రేకు లైట్లు ఒక్కసారి వెలిగి ఆరాయి. లారీ కుడికి తిరిగి, డివైడర్ ఎక్కి, గన్నేరు చెట్లను తొక్కుకుంటూ పోయి ఆగింది. దేవమ్మ భయంతో కూలబడింది. మోచేయి గీసుకుపోయిందంతే.

వంగిపోయిన కొత్త లారీ ముందు భాగం చూడగానే మొగులయ్యకు ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాతే మల్లేష్‌ను దింపడానికి పరుగెత్తాడు.

సేటు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూసి, మొగులయ్యను పక్కకు పిలిచాడు.

“నువ్వు ఎనకనే ఉన్నవ్ గద. జోరుగ పోయిండా? ఫోన్ గిట్ల సూసిండా? వాడిది తప్పుంటే, బండి బాగైనంక నీకే ఇస్త.”

ఒక్క మాట చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఎర్ర లైట్లు మొగులయ్య కళ్లముందు నుంచి పోవడం లేదు. తానైతే భయంతో బ్రేకు తొక్కిపట్టేవాడు. చక్రాలు బిగుసుకుపోయి బండి ఆగేది కాదు, తిరిగేదీ కాదు. వెనక చువ్వలు క్యాబిన్‌లోకి దూసుకొచ్చేవి. ఆమె చక్రాల కింద ఉండేది. మల్లేష్ చేసింది తనకు చేతకాదని తెలిసినప్పుడు పుట్టినంత మంట, లారీ దక్కనందుకు కూడా పుట్టలేదు.

“నలభై దాటలే సేటు. ఫోన్ ముట్టలే,” అన్నాడు. “నేనైతే ఆమెను గుద్దుతుంటి.”

నెల తిరక్కుండానే లారీ బాగై వచ్చింది. తాళంచెవి మళ్లీ మల్లేష్‌కే ఇచ్చాడు సేటు. లోడింగ్ దగ్గర ఒకనాడు మొగులయ్య ఉండబట్టలేక అడిగాడు, ఆ రోజు బ్రేకు ఎందుకు వదిలావని.

“తెల్వదన్నా,” అన్నాడు మల్లేష్. “కాలే లేసింది.”

ఎవరో నేర్పారని చెప్పినా బాగుండేది, తానూ నేర్చుకునేవాడు. మొగులయ్య వెళ్లి పాత బండి ఎక్కాడు.