మూడు పూటల మందు

ఆ మొక్క పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్ళలో సగం మంది దాన్ని చూసి భయపడతారు, మిగతా సగం మంది రేపటి నుంచే మరిగించుకుని తాగడం మొదలెడతారు. ఈ రెండో రకం వాళ్ళు మా ఇంట్లోనే ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు.

భిలాయి పక్కన మరోదా వైపు చెరువు గట్ల మీద, వానలు వెనకబట్టాక మోకాలెత్తు పెరిగే చేదు మొక్క అది. దాంతో మా అమ్మ పచ్చకామెర్ల మందు చేసేది. శ్రీకాకుళం జిల్లాలో వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది, ఆవిడ వాళ్ళమ్మ దగ్గర. నాన్నకి ఉక్కు కర్మాగారంలో, బొగ్గు కాల్చి కోక్ చేసే బట్టీల దగ్గర పని దొరికి భిలాయి వచ్చినప్పుడు, ట్రంకుపెట్టెతో పాటు ఆ మందు కూడా వచ్చింది. మా ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో తెలుగువాళ్ళయినా, బీహారువాళ్ళయినా, ఛత్తీస్‌గఢీవాళ్ళయినా, ఇంట్లో ఎవరి కళ్ళు పచ్చబడినా తెల్లారేసరికి మా గుమ్మంలో ఉండేవారు. అమ్మ రోజుకోసారి, పరగడుపున చిన్న గ్లాసుడు కషాయం ఇచ్చేది. మూడు పూటలు. నాలుగో పూట కాళ్ళు పట్టుకున్నా ఇచ్చేది కాదు.

"మూడు పూటలే. మాయమ్మ అలాగే చెప్పింది," అనేది. అంతకు మించి కారణం ఆవిడ దగ్గర లేదు.

ఇంత కచ్చితమైన మనిషీ నాన్న దగ్గర మాత్రం ఆ నియమం పక్కన పెట్టేసింది. బట్టీల దగ్గర పొగ, గ్యాసు. డ్యూటీ నుంచి వచ్చి నాన్న ముక్కు చీదితే జేబురుమాలు నల్లగా అయ్యేది. అది చూసి అమ్మ తనకు తానే ఒక లెక్క తేల్చుకుంది. "మూడు పూటలకే కామెర్లు కడిగీసే మందు, రోజూ తాగితే ఆ పొగ లోపల నిలుస్తాదేటి?" అని. ఉదయం డ్యూటీ అయినా, మధ్యాహ్నం డ్యూటీ అయినా, రాత్రి డ్యూటీ అయినా నాన్న గ్లాసుడు తాగి బయల్దేరాలి. పదకొండేళ్ళు తాగాడు. "ఇది తాగితే గాని గడప దాటనివ్వదు. ప్లాంటు గేటులో ఒక పాసు, ఇంట్లో ఒక పాసు," అని నవ్వేవాడు.

నేను ఫార్మసీలో పైచదువుకి దుర్గ్ దగ్గర ఒక కాలేజీలో చేరింది తొంభైల నడిమిలో. పరిశోధనకి ఏం తీసుకుంటావని మా సార్ అడిగితే అమ్మ మందు పేరు చెప్పాను. ఆయన మహారాష్ట్రుడు, నెమ్మదైన మనిషి, హిందీలో కూడా ఆచితూచి మాట్లాడేవాడు. మూడు రోజుల మందు కదా, దాన్ని ఎక్కువ రోజులు ఎవరు తాగుతారని అడిగాడు. మా నాన్న తాగుతాడన్నాను గర్వంగా. ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడు రోజుల్లో ఏమీ చెయ్యనిది మూడొందల రోజుల్లో ఏం చేస్తుందో, మూడు రోజులు చూస్తే తెలీదు బేటీ. రోజూ ఇచ్చి, ఎదురు చూడాలి," అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ నాన్నకి విషం పోస్తోందన్నట్టే వినబడింది. సరే చూద్దాం, తొంభై రోజులు ఎలుకలకి పోసి, అవి గుండ్రాళ్ళలా ఉన్నాయని ఈయన చేతే రాయిస్తాను అనుకున్నాను.

మొదట అమ్మనే కాలేజీకి తీసుకెళ్ళాను, కషాయం పాళ్ళు రాసుకోడానికి. ఎంత ఆకు అంటే గుప్పెడు అంది. గుప్పెడంటే లెక్క కాదమ్మా అని తక్కెడ ముందు పెట్టాను. మూడుసార్లు గుప్పిట్లోకి తీసింది, మూడుసార్లు తూచాను. మూడింటికీ తేడా చిటికెడు కూడా లేదు. సార్ వచ్చి తక్కెడ సరిగా ఉందా లేదా అని ఇంకోసారి చూసుకున్నాడు. అమ్మకి మాత్రం అందులో వింత ఏముందో అర్థం కాలేదు.

కషాయాన్ని ఆవిరి మీద ఆరబెట్టి పొడి చేసి, ఎలుకల బరువుని బట్టి మోతాదులు కట్టాం. తెల్ల ఎలుకలు, నాలుగు గుంపులు. మొదటి గుంపుకి ఉత్త నీళ్ళు. రెండోదానికి నాన్న గ్లాసుకి సరిపడా. మూడోదానికి అంతకి కొన్ని రెట్లు, నాలుగోదానికి ఇంకా ఎక్కువ. ఆపైన నీళ్ళ గుంపులోనూ, పెద్ద మోతాదు గుంపులోనూ కొన్నింటిని విడిగా ఉంచాం. తొంభై రోజుల తర్వాత వాటికి మందు ఆపేసి, ఇంకో నాలుగు వారాలు ఊరికే బతకనిచ్చి, అప్పుడు చూడాలి. జరిగిన చెడు ఉండిపోతుందా, పోతుందా తెలియాలంటే అదొక్కటే దారి.

ఎలుకలని చూసుకునే ముసలాయన ఉతై అనే పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అందరం కాకా అనేవాళ్ళం. ఎలుకని ఎలా పట్టుకోవాలో ఆయనే నేర్పాడు. "డరో మత్ దీదీ, నువ్వు భయపడితే దానికి తెలిసిపోద్ది," అనేవాడు. తల మీదా, వీపు మీదా, తోక మీదా పసుప్పచ్చ రంగు చుక్కలు పెట్టి గుర్తులు కట్టుకున్నాం. రోజూ ఒకే వేళకి, చివర గుండ్రంగా ఉన్న వంపు గొట్టంతో గొంతు దాటించి మందు పొయ్యాలి. నీళ్ళ గుంపుకీ అదే గొట్టం, అదే పట్టు. ఏమీ ఇవ్వని వాటిని ఎందుకు బాధపెట్టడం అని ఒకరోజు సార్‌ని అడిగాను. గొట్టం వల్ల వచ్చిందేదో, మందు వల్ల వచ్చిందేదో విడదీసి చెప్పేది అవేనని అన్నాడు. ఆ తర్వాత ఆ గుంపుని నేను కొంచెం మర్యాదగానే పట్టుకునేదాన్ని.

ఎండాకాలం వచ్చింది. ఎలుకల గదికి కూలరు, మాకు పంకా. వీధిలో వాళ్ళు నన్ను ఎలకలమ్మ అనడం మొదలెట్టారు. నేను పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ పాటికి నాకు ఆ గదిలో అడుగు పెడితే బయట లోకం గుర్తుండేది కాదు. ఎలుక బతికేదే రెండేళ్ళు, మహా అయితే మూడు. దాని తొంభై రోజులంటే మన లెక్కలో ఏళ్ళకి ఏళ్ళు. నాన్న పదకొండేళ్ళు నా ముందు ఒక వేసవిలో నడిచిపోతున్నాయి. ప్రతి వారం తూకం వేస్తుంటే, అరచేతిలో పట్టినవి రెండు చేతులకీ వచ్చాయి. మందు ఎంతో, బరువు ఎంతో, మేత ఎంత మిగిల్చిందో నోటుపుస్తకంలో రాస్తూ, ఒక ప్రాణం పెరగడాన్ని ఇంత దగ్గరగా ఎవరైనా చూస్తారా అనుకునేదాన్ని.

మొదటి నెల ఏమీ కాలేదు. నాలుగు గుంపులూ ఒకేలా తిన్నాయి, ఒకేలా బలిశాయి. అమ్మ రోజూ సాయంత్రం, "నా ఎలకలు తిన్నాయేటి?" అని అడిగేది. రెండో నెలాఖరుకి పెద్ద మోతాదువి మేత కొంచెం వదిలెయ్యడం మొదలెట్టాయి. ఎండలకి అయ్యుంటుందని రాసుకున్నాను. నీళ్ళవి వదలడం లేదు. అది కూడా రాశాను గాని, దాని మీద ఎక్కువసేపు కళ్ళు నిలపలేదు.

తొంభయ్యో రోజు దాటాక మత్తుకి ఈథర్ సీసా తెచ్చారు. నిద్రలోనే పోనిచ్చి కోశాం. నీళ్ళ గుంపు కాలేయం ముదురెరుపు, అంచులు పల్చగా, పట్టుకుంటే జారిపోయేంత నున్నగా. పెద్ద మోతాదుది ఉబ్బి, మచ్చలు మచ్చలుగా పాలిపోయి ఉంది. తర్వాత మైనంలో బిగించి, పల్చటి పొరలు కోసి, రంగులు వేసి, సార్ సూక్ష్మదర్శిని కింద చూపించాడు. నీళ్ళవాటిలో కణాలు వరసలు తీరి ఉన్నాయి. పెద్ద మోతాదువాటిలో వరసలు చెదిరి, కణాల నిండా కొవ్వు బొట్లు. మూడో గుంపులోనూ అక్కడక్కడా అదే. రెండో గుంపులో, నాన్న గ్లాసు గుంపులో, ఏమీ లేదు. సార్ రెండుసార్లు చూసి లేదన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. మూడు పూటలే అన్న ముసలమ్మకి ఈ వరసలూ, ఈ బొట్లూ ఏం తెలుసు? అక్షరం రాని ఆ మనిషి గీసిన గీత మీదే ఇంత చదివి నేను వచ్చి నిలబడ్డాను.

ఇంట్లో చెప్పాను. అమ్మ కషాయం గిన్నె తోమి అటక మీద పెట్టేసింది. నాన్నకి ప్లాంటు ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేయించాం. కాలేయం లెక్క, ఎస్జీపీటీ అంటారు, మామూలుగానే ఉంది. ఆ కాయితం పట్టుకుని నాన్న, "పదకొండేళ్ళ చేదు ఉత్తినే తాగీసినాను," అని నవ్వాడు. అందరం తేలికపడ్డాం.

ఆ రాత్రి అన్నాలయ్యాక అమ్మని అడిగాను. "మూడు పూటలని అమ్మమ్మ వాళ్ళకి ఎలా తెలుసుంటుందమ్మా?"

"ఎలాగేటి. ఎవరో నాలుగో పూట తాగుంటారు. పదో పూట తాగుంటారు. ఏటో అయ్యుంటాది. అప్పుడు మా ఊళ్ళో ఎలకల్ని పెట్టి చూసినోళ్ళు లేరు కదా." కంచాలు ఒక పక్కకి జరిపి మళ్ళీ అంది. "ఆడదే అయ్యుంటాది. మిగిలింది పారబోయలేక."

నేను తలెత్తి చూశాను.

"నాన్నకి పోశాక గిన్నెలో మిగిలింది ఏం చేసేదానివి?"

"ఆకు పారెయ్యడమేటి, బంగారం లాటి ఆకు. రెండోసారి నీళ్ళు పోసి, చిక్కగా మరిగించి నేనే తాగీదాన్ని."

"రోజూనా?"

"మరి రోజూ మిగులుతాది కదా."

పదకొండేళ్ళు. నాన్నలో సగం ఉండే మనిషి. నాన్న గ్లాసు రెండో గుంపైతే, అమ్మ ఏ గుంపో లెక్క కట్టడానికి నాకు కాయితం అక్కర్లేకపోయింది. ఇంట్లో ఒక మనిషి మందు చేసి, మందు పోసి, గిన్నె తోముతుంటే, ఆ మనిషి కూడా తాగుతుందని నా తెలివికి తోచలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మర్నాడే రక్తం ఇప్పించాను. ఎస్జీపీటీ ఉండాల్సినదానికి మించే ఉంది. డాక్టరు ఆ మందు ఇక ముట్టొద్దన్నాడు, నెల తర్వాత రమ్మన్నాడు. అంతవరకూ చెయ్యాల్సిందేమీ లేదన్నాడు.

కాలేజీలో నా ఎలుకలు కూడా ఆ నెల మీదే ఉన్నాయి. మందు ఆపేసి విడిగా ఉంచినవి. ఇన్నాళ్ళూ వాటిని పద్ధతి కోసం పెట్టుకున్నాం. ఇప్పుడు పొద్దున్న లేచింది మొదలు నా ప్రాణం వాటి మీదే. అవి మేత మళ్ళీ పూర్తిగా తినడం మొదలెట్టిన రోజున కాకాని పట్టుకుని పళ్ళెం చూపించాను. ఆయన పళ్ళెం వంకా నా వంకా చూసి, ఇంకో గుప్పెడు మేత వేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మని కిటికీ దగ్గర నిలబెట్టి కళ్ళు చూసేదాన్ని. "కళ్ళకేటయ్యిందే, కామెర్లా?" అని విసుక్కునేది.

నాలుగు వారాలు అయ్యాక వాటినీ కోశాం. సార్ ఆ కాలేయాల గాజు పలకలూ, నీళ్ళవాటి పలకలూ కలిపేసి, గుర్తులు కనబడకుండా కాయితం అంటించి, ఒక్కొక్కటే చూశాడు. ఏది ఏదో చెప్పలేకపోయాడు. నన్ను చూడమన్నాడు. నేనూ చెప్పలేకపోయాను. చెదిరిన వరసలు మళ్ళీ తీరాయి. ఎవరూ మందు వెయ్యలేదు, ఎవరూ చెయ్యి పెట్టలేదు, చేదు ఆపామంతే. నేను చాలాసేపు ఆ బల్ల దగ్గర నుంచి లేవలేదు. సార్ కూడా లేవమనలేదు.

అదే వారంలో అమ్మ రెండో పరీక్ష కాయితం వచ్చింది. లెక్క దిగింది, మామూలుకి వచ్చేసింది. కాయితం చదివి చెప్పాక, ఎలుకల సంగతి కూడా చెప్పాను. వాటికీ లోపల పూర్తిగా మానిపోయిందన్నాను.

"లోపల మానిందని ఎలాగ తెలిసింది? వాటికీ రక్తమే తీసినారా?" అంది.

అన్నాళ్ళూ ఆవిడకి చెప్పని సంగతి అదొక్కటే. "కోసి చూశామమ్మా," అన్నాను.

"మందు తాగినవాటినా?"

"నీళ్ళు తాగినవాటిని కూడా."

"ఎన్నింటిని?"

"అన్నింటినీ."

అమ్మ లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. కట్టుకున్న చీరతోనే కూర్చుని, చెంబుతో నెత్తి మీంచి నీళ్ళు పోసుకుంది. ఊరి నుంచి అయినవాళ్ళు పోయారని కబురొస్తే అలా పోసుకోవడం చూశాను నేను. నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి సైకిలు స్టాండు వేస్తున్నాడు. నీళ్ళ చప్పుడు విని గుమ్మంలో ఆగాడు.

"ఎవరు పోయినారమ్మా?" అన్నాడు.

చెప్పాను. ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించి, అమ్మ బయటికి రాగానే లోపలికి వెళ్ళాడు.

ఆఖర్న నేను వెళ్ళాను. బకెట్లో నీళ్ళు అడుగంటాయి, కుళాయి రావడానికి ఇంకా గంట ఉంది. ఉన్నవే పోసుకున్నాను.