ఒన్స్ మోర్ అడిగిన కబడ్డీ కూత

కరోనా తగ్గిన మరుసటి ఏడు. గజపతినగరంలో నాటక పోటీలు. ముప్పై ఏళ్లుగా ఎన్నో నాటకాలకు హార్మోనియం వాయించాను కానీ, కబడ్డీకి వాయించడం అదే మొదలు!

మాది ఆడవాళ్ల కబడ్డీ మీద పాటల నాటకం. ప్రైజు వస్తే ఊరూరా ఆడదాం, రాకపోతే మళ్లీ పౌరాణికాలకే పోదామని మేనేజరు తేల్చేశాడు. పౌరాణికాలకు మా కథానాయిక సత్యవతి గొంతు పనికిరాదట. పెళ్లికి ముందు కబడ్డీ ఆడి, తర్వాత పదేళ్లు వరిచేలలోనే గడిపిన మనిషి. ఆమెకు ఇదే మొదటి వేషం. ప్రైజు రాకపోతే చివరిదీ ఇదే.

అవతలి జట్టు వేషాలకు అక్కడి కాలేజీ కబడ్డీ జట్టునే తెచ్చాం. పట్టుకున్నట్టే పట్టుకుని వదిలెయ్యాలని వారం రోజులు నేర్పాం.

ఆఖరి రెయిడ్ వచ్చింది. రెయిడ్ అంటే కూత పెడుతూ అవతలి జట్టులోకి వెళ్లి, ఊపిరి తెగకుండా తిరిగి రావడం. మా నాటకంలో ఆ కూతే పాట. సత్యవతి పాడుతూ వెళ్లి, ముగ్గురిని తాకి, గీత దాటి వచ్చింది. జనం ఊగిపోయి "ఒన్స్ మోర్!" అన్నారు. స్టేజీ మీద ఆ మాట కాదనకూడదు, మళ్లీ పాడాల్సిందే. ఇక్కడ పాడాలంటే మళ్లీ ఆడాలి.

అంతలో ముందు వరసలోంచి ఆ పిల్లల కోచ్ అరిచాడు.

"ఒసే, సొంతూరోళ్ల ముందు రెండుసార్లు ఓడిపోతారేటే!"

ఇంకేముంది! ఈసారి వాళ్ల కెప్టెన్ నిజంగానే సత్యవతి కాలు పట్టేసింది. మిగతావాళ్లు మీద పడ్డారు. అంతమంది కిందనుంచి కూత మాత్రం సన్నగా వినిపిస్తూనే ఉంది.

పాడేవాళ్లకు ఊపిరి అందనప్పుడు బిట్ వేస్తాం. అంటే ఓ చిన్న సంగీతపు ముక్క వాయించి, ఆ సందులో వాళ్లను ఊపిరి పీల్చుకోనిస్తాం. నా వేళ్లు హార్మోనియం మెట్ల మీదికి వెళ్లాయి. సత్యవతి నావైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. నేను ఉత్త శ్రుతి పట్టుకుని కూర్చున్నాను.

అందరినీ ఈడ్చుకుంటూ పాకింది. జానెడు, ఇంకో జానెడు. వేలు గీతకు తగిలింది! జనం కుర్చీలెక్కేశారు. అరవై దాటిన నేను కూడా సిగ్గు విడిచి ఈల వేశాను.

తెర వెనక కెప్టెన్ బిక్కమొహం వేసుకుని వచ్చింది.

"ఏటి సేస్తాం అక్కా, కాలు దొరికితే సెయ్యి ఆగనేదు!"

"నాకు మాత్రం ఆగిందేటే?" అంటూ సత్యవతి ఆ పిల్లను వాటేసుకుంది.

మొదటి బహుమతి మాదే. మర్నాడే మేనేజరు సాలూరులో ఆడడానికి ఒప్పుకున్నాడు.

ఊపిరి అందించడమే నా విద్య అనుకునేవాణ్ని. ఎదుటి మనిషికి ఊపిరి ఇంకా ఉందని నమ్మి చేతులు కట్టుకోవడమూ ఆ విద్యేనని, ఆ రోజు సత్యవతి నేర్పింది.