కనకవ్వ మాపు, మొగిలి బాపు

“నేనన్నది మాపు, తమ్మీ. గీ మొగిలిగాడు బాపు అని సూసిండు. ఇన్నడు అంటలేను, సూసిండు అంటున్న. మా కార్ఖానల ఇనుడెక్కడిది?”

తన మాటకు తానే నవ్వుకుంది కనకవ్వ. సిరిసిల్లలో ఆమె పనిచేసే కార్ఖానా బయట, గోడ నీడన కూర్చున్నాం. ఇక్కడి పనివాళ్లు చెప్పే కవితల గురించి నా పుస్తకంలో రాసుకుందామని వచ్చాను. లోపల సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. ఆ చప్పుడుకు గోడకు ఆనించిన నా వీపు అదురుతోంది. ఇందాక లోపల ఆమె ఏదో అన్నప్పుడు నాకు ఒక్క అక్షరం వినబడలేదు. ఆ చివర సాంచా నడుపుతున్న మొగిలి మాత్రం అక్కణ్నుంచే తల ఊపాడు. ఇక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు.

మాపు, బాపు అని రెండు మాటలూ నోట్లో అనుకుని చూశాను. సాయంత్రమనే మాపుకైనా, తండ్రి అనే బాపుకైనా పెదవులు ఒక్కతీరుగానే కలుస్తున్నాయి.

పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కనకవ్వది కండెలకు నూలు చుట్టే పనే. బట్టలో అడ్డంగా పోయే నూలంతా ఆమె చేతుల మీదుగానే సాంచాల్లోకి వెళ్తుంది.

“ఇంత చప్పుడులో కవిత్వం ఎట్లా మొదలైందక్కా?”

“కరెంటు పోవట్టి,” అంది. “కరెంటు పోతే సాంచాలన్ని బందు. గప్పుడు మాతోని సాంచా నడిపే లక్ష్మీరాజమన్న నిలవడి, పని చేస్కుంట కట్టిన నాలుగు మాటలు చెప్తుండె. ఆయనెనుక ఇంకొకలు. కరెంటు రాంగనే మల్ల నోర్లు మూసుడే. ఓపారి సగం కవితల కరెంటొచ్చింది. ఎంత తిట్టిండనుకున్నవ్! కరెంటు వచ్చినందుకు తిట్టినోడు దునియల గాయనొక్కడే.”

తర్వాత్తర్వాత కరెంటు పోవడమే మానేసింది. దాంతోపాటు కవితలూ ఆగాయి. అందుకు దిగులుపడ్డవాళ్లలో కార్ఖానా నడిపే ఆసామి అంజన్న కూడా ఉన్నాడు. ఆయనకు కట్టడం రాదు గానీ వినడం ఇష్టం. ఒక సోమవారం చాయ్ వచ్చే వేళకు తనే వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి గుంజాడట. “చాయ్ అయిపోయేదాక కరెంటు పోయిందనుకోండ్రి. కానియ్యుండ్రి,” అన్నాడట.

అప్పటి నుంచి ప్రతి సోమవారం అంతే. పక్క కార్ఖానాల వాళ్లు కూడా చాయ్ గ్లాసులు పట్టుకునే వస్తారు. చాయ్ చల్లారేలోపు కవిత అయిపోవాలి. నచ్చితే చప్పట్లు కొట్టరు, “పోగు తెగలే!” అంటారు. నచ్చకపోతే, “ఈడ తెగింది, అతుకెయ్యి” అని ఆ చోటు చూపిస్తారు. అతుకు వేసుకుని వచ్చే సోమవారం మళ్లీ చెప్పాలి. పనికిరాదని ఎవరినీ వెళ్లగొట్టింది లేదు.

కనకవ్వ మాత్రం ఏళ్ల తరబడి వింటూనే ఉండిపోయింది.

“కండెలు సుట్టేకాడ మస్తు మాటలొస్తుండె, తమ్మీ. చెప్పాల్నని పానం కొట్టుకుంటుండె. నవ్వుతరేమోనని గ్లాసులు కడుక్కుంట కూసుంటుంటి.”

చివరికి ఒకరోజు, సాంచాల చప్పుడు మధ్య, మొగిలికి ఒక్క ముక్క చెప్పి చూసింది. ‘సాంచా తిరిగె, కండె తిరిగె, మాపు ఇంకా రాలే.’ పొద్దుపోవడం లేదని సరదాగా కట్టిన మాట అది. మొగిలి రెప్ప వేయకుండా ఆమె మూతినే చూశాడు. సాంచా ఆపి దగ్గరికి వచ్చాడు. “బాపును యాదికి తెచ్చినవక్కా,” అన్నాడు. వాళ్ల బాపు సాంచాల పనికే భివండి పోయి, పెద్దకొడుకు దగ్గర అక్కడే ఉండిపోయాడు. ప్రతి దసరాకూ వస్తానంటాడు, రాడు.

ఆ సాయంత్రానికల్లా మొగిలి అందరికీ చెప్పేశాడు, సోమవారం కనకవ్వ బాపు మీద కవిత చెప్తుందని.

“నాకు పరేషాన్! నాదేమో నవ్వులాట. గాళ్లేమో ఏడ్సుటానికి తయారైండ్రు. అంజన్న అయితే రుమాలు ఉతికిచ్చుకొని వచ్చిండు.”

సోమవారం స్విచ్ పడింది. కనకవ్వ లేచి నిలబడింది. మార్చకుండా తను కట్టిందే చెప్పింది.

సాంచా తిరిగె, కండె తిరిగె,
మాపు ఇంకా రాలే.
నూలు ఒడిసె, నడుము ఇరిగె,
మాపు ఇంకా రాలే.

అంజన్న రుమాలు చేతిలో పట్టుకునే ఉన్నాడు. మొగిలి బిక్కమొహం పెట్టి, “మరి బాపేడి?” అన్నాడు.

అంతే, కార్ఖానా అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఆ నవ్వులో తన భయం ఎటు పోయిందో తెలియదంటుంది కనకవ్వ. అనుకోకుండానే నోట్లోంచి ఇంకో నాలుగు మాటలు ఊడిపడ్డాయి.

మాపైతేనే బాపొచ్చు,
బాపొస్తేనే మాపొచ్చు.
గింత తొందరేందిర మొగిలీ,
పొద్దు ఇంకా వాలలే.

“పోగు తెగలే!” అని లక్ష్మీరాజం అరిచిన అరుపుకు ఆయన గ్లాసులో చాయ్ ఆయన మీదే పడింది. మొగిలి నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. అంజన్న రుమాలు వృథా పోలేదు.

“మా బాపు మగ్గం దిగి ఇంటికొస్తేనే, చిన్నప్పుడు మాకు మాపైనట్టు. గదే యాదికొచ్చింది,” అంది కనకవ్వ.

“మరి మొగిలి వాళ్ల బాపు విన్నాడా?”

కనకవ్వ తల కొట్టుకుంది. “గదే గద తమ్మీ లొల్లి! మొన్న సోమారం మొగిలి వీడియో కాల్ కలిపిండు. సాంచాలకాడ ముసలాయన చెవులు ఎన్నడో పోయినయ్. మా లెక్కనే మూతి సూసి మాట పడ్తడు. నేను మంచిగ చెప్పిన. అంత అయినంక ఆయనేమన్నడో ఎర్కేనా? ‘బాపైతేనే బాపొచ్చు, బాపొస్తేనే బాపొచ్చు. గిదేం కవిత బిడ్డా? ఈడ తెగింది, అతుకెయ్యి’ అన్నడు!”

ఇద్దరం నవ్వి నవ్వి అలసిపోయాం. లోపలి నుంచి ఎవరో కండెలకోసం తలుపు మీద కొట్టారు. కనకవ్వ లేచి, చీర కుచ్చిళ్లకు అంటిన నూలు పీచు దులుపుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

“తమ్మీ, నీ రాత గుండ్రంగుంటది. రెండు అట్టముక్కల మీద జర పెద్దగ రాసి తీస్కరా. ఒకదాని మీద మాపు, ఒకదాని మీద బాపు. నేను చెప్పుకుంట ఏ మాటకా అట్ట లేపుత. ఎర్ర రంగుతోని రాయి, ముసలాయనకు సూపు మంచిగనే ఉంది. సోమారం చాయ్ రాకముందే రావాలె, మర్వకు!”